బాప్తిస్మం తొట్టి క్లిప్పు

మర్నాడు విశాఖలో మా అత్తయ్యకి కంటి ఆపరేషన్. అంతకుముందే రామతీర్థం రాముణ్ణి చూడాలని పట్టుబట్టింది. మధ్యాహ్నం గుడి మూసేస్తారని గుంటూరు నుంచి ఆగకుండా వచ్చాం. తీరా దగ్గరికొచ్చాక, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం క్లిప్పు విరిగి, కారు ఒక చర్చి ముందు ఆగిపోయింది.

లోపల మోటారు పెట్టి బాప్తిస్మం తొట్టి నింపుతున్నారు. పాస్టరుగారు మా గుడి తొందర విని, విరిగిన క్లిప్పు చూసి, తమ నీళ్ళ పైపు క్లిప్పు విప్పి మావారికిచ్చారు. అంతే, పైపు ఊడొచ్చింది. బాప్తిస్మానికి తెల్లబట్టలు కట్టుకుని కూర్చున్న పెద్దాయన పరుగెత్తి దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. నీళ్ళు ఆయన నెత్తిమీదే పడ్డాయి.

"అయ్యగారూ, నాకైపోనాదేటి?"

"ఇది లెక్కలోకి రాదు మావా. మళ్ళీ ములగాల. గట్టిగా అట్టుకో."

మావారు కారుకి ఆ క్లిప్పు బిగించే దాకా ఆయన అలా తడుస్తూనే ఉన్నాడు. నేను దండం పెట్టబోతే, "ముందు ఎల్లండమ్మా, గుడి తలుపులేసెత్తారు" అని కసిరాడు.

తలుపులు వేసేలోపే చేరాం. రాముడి ఎదుట చేతులు జోడించి అత్తయ్య గొణుక్కుంది.

"స్వామీ, ముందు ఆ పెద్దాయనకి జలుబు చెయ్యనివ్వకు. నా కళ్ళ సంగతి తర్వాత చూద్దువుగాని."