తలవెంట్రుకకు కట్టిన ఈగ

మా ఇంట్లో బూజు నిలవదు. మధురానగర్‌లో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి వారం వారం బూజుకర్ర పట్టి మూలమూలలా దులిపే దాన్ని. అలాంటి నా ఇంట్లోకి మనవరాలు సాలెపురుగును తెచ్చి పెంచుతానంది. పంజాగుట్ట చౌరస్తాలో ఆఫీసు బస్సెక్కే పిల్ల. బస్టాపు రేకు మీద దొరికిందట, గాజు సీసాలో పెట్టుకుని వచ్చింది.

"ఇది గూడు అల్లదు నాయనమ్మా. బూజు సుత పట్టది. దూకి పట్టుకుంటది, పులి లెక్క."

"పులికి కిరాయి ఎవరు కడ్తరే?" అన్నాను.

కందిగింజంత ప్రాణి. ఒళ్ళంతా నూగు, ముఖం మీద రెండు పెద్ద కళ్ళు. సీసా దగ్గరికి వంగితే తల ఎత్తి మనల్నే చూస్తుంది. నేను చీపురుతో ఊడ్చిన వాటిలో ఒక్కటీ నన్ను అలా చూడలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆఫీసువాళ్ళు పిల్లను నెల రోజుల ట్రైనింగుకని పూణె పంపారు. మా కోడలికి సాలెపురుగంటే ఒళ్ళు జలదరింపు. అందుకని సీసా నా ముందు పెట్టి, "నేనొచ్చేదాక దీన్ని బతికించు నాయనమ్మా, నీకు దండం పెడ్త" అంది. సరే అన్నాను. నేను ఒక మాట అంటే అన్నట్టే.

అరటిపండు ముక్క మీద పెంచిన చిన్న ఈగల డబ్బా ఒకటి ఇచ్చిపోయింది. వారం తిరగకముందే ఎండకు అవి చచ్చాయి. అమీర్‌పేట సందుల్లో ఏ కంప్యూటరు కోర్సైనా దొరుకుతుంది గానీ ఈగలమ్మే దుకాణం ఎక్కడుంది? నేను కంగారు పడలేదు. మా సందులో దోమలకు కరువా? సాయంత్రం కరెంటు బ్యాటుతో కొట్టినవన్నీ ఏరి, కోర్సులవాళ్ళు రోడ్డు మీద పంచే కాగితంలో మడిచి దాచి, పొద్దున సీసాలో వేశాను. ఖర్చు లేని తిండి. అది చూసింది. కాలితో కూడా తాకలేదు. పక్కకు తిరిగి కూర్చుంది.

"మస్తు షోకులు పోతున్నవు. ఇంట్ల పెట్టింది తినాలె" అని తిట్టాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొట్ట ఎండిన ద్రాక్షలా ముడుచుకుపోయింది.

సాయంత్రం ఫోను మోగేది.

"నాయనమ్మా, తిన్నదా?"

"నువ్వు తిన్నవా ముందు? అక్కడ అన్నం పెడుతున్నరా, రొట్టెలేనా?"

"నేను తిన్న. అది తిన్నదా?"

"నీళ్ళు తాగింది." సీసా గోడకు వేలితో పెట్టిన చుక్కను అది తాగుతుంది, అబద్ధం కాదు.

కోడలు తలుపు దగ్గర నుంచే చూసేది. "అత్తమ్మా, గా పురుగు ఇగ బతకది. బయట పారేద్దాం. పిల్ల అడిగితే ఎటో పోయిందని చెప్తే అయిపాయె."

"మాటిచ్చింది నువ్వా, నేనా? జర నోరు మూసుకో."

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని చీరకు ఫాల్ కుట్టుకుంటున్నాను. ఫాల్ కోసం టైలరుకు డబ్బులిచ్చే అలవాటు నాకు లేదు. సూదిలోంచి వేలాడే దారం కొస సీసా పక్కన ఊగుతుంటే, చచ్చినట్టు పడివున్న పురుగు లేచి అటు తిరిగింది. దారం కుడికి జరిపితే కుడికి, ఎడమకు జరిపితే ఎడమకు. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని, ఏ పుస్తకంలోనూ చదవలేదు. కళ్ళతో చూశాను. దీనికి కదిలేదే తిండి. కదలనిది రాయితో సమానం.

పేపరు మడిచి కిటికీ మీద ఒక ఈగను కొట్టాను. దారం లావుగా ఉండి, కట్టబోతే ఈగ నలిగింది. ఇంకోదాన్ని కొట్టి, కొప్పులోంచి ఒక తెల్లవెంట్రుక పీకాను. ముడి వెయ్యడానికి నా కళ్ళు ఆనలేదు. కోడలిని పిలిచాను.

"అమ్మో, నాతోని కాదు అత్తమ్మా! సీసా మూత తీసి ఉన్నది!"

"సీసా నేను పట్టుకున్న. నువ్వు ముడి వెయ్యి. పూలు కట్టే చేతులే గదా."

"పూలకు కాళ్ళుంటయా?"

"ఉంటే మార్కెట్ల నుంచి అవే నడిచొచ్చేవి, నాకు ఆటో కిరాయి మిగిలేది. కట్టు."

ముఖం పక్కకు తిప్పుకుని, ఒంటి కంటితో చూస్తూ కట్టింది.

వెంట్రుక కొస పట్టుకుని ఈగను సీసాలోకి దింపాను. గట్టిగా ఊపితే పురుగు వెనక్కి పోయింది. ఈగ నడిచినట్టు రవ్వంత జరిపి ఆపాను. మళ్ళీ జరిపాను. అది వంగింది. కాళ్ళు సర్దుకుంది. ఒక్క దూకు దూకింది! వెంట్రుక నా వేళ్ళ మధ్య చురుక్కుమని లాగింది. అంత చిన్న ప్రాణికి అంత జోరు ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

"పట్టింది అత్తమ్మా, పట్టింది!" కోడలు భయం సంగతే మరిచి సీసాకు ముఖం ఆనించింది.

ఆ రోజు పిల్ల ఫోను కోసం ఆగలేదు. నేనే చేశాను. నా డబ్బులతో ఎస్టీడీ చెయ్యడం నాకు అదే మొదలు.

"తిన్నది" అని పెట్టేశాను.

పిల్ల తిరిగొచ్చిన రోజు బ్యాగు భుజాన ఉండగానే సీసా దగ్గరికి పరుగెత్తింది. పురుగు పొట్ట నిండుగా, నూగు మెరుస్తూ కనిపించింది. నేను వెంట్రుకకు ఈగను కట్టించి దింపబోతే, తానే ఆడిస్తానని తీసుకుని టపటపా ఊపింది. పురుగు మూలకు పోయింది.

"పిండి జల్లించినట్టు ఊపకు. ఇటియ్యి," అన్నాను. రెండోసారి జరిపేసరికే దూకింది.

పిల్ల నా వైపు చూసి, "ఇగ నీ దగ్గరనే ఉండని నాయనమ్మా. నీ చేతులనే మంచిగున్నది" అంది.

"ఉంటది. ఈగలు మాత్రం నువ్వు కొట్టుకరా."