మా దుమ్ము, వాళ్ల గాలి

మా పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్లు ఇంటి నేల మార్పిస్తున్నారు. పొద్దున్నే మిషను మొదలవుతుంది. రాయి మీద నీళ్లు చల్లుతూ కోస్తారు కాబట్టి, ఆ రొద వెంబడి తడిసిన రాతిపొడి వాసన కూడా మెట్లు దిగి మా గుమ్మం దాకా వస్తుంది. అపార్టుమెంటులో అందరూ కిటికీలు బిగించుకుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, వాట్సాప్ గ్రూపులో నానా యాగీ చేస్తున్నారు. నేనేమో తలుపు బార్లా తెరిచి, గుండెల నిండా పీల్చుకుంటూ నిలబడ్డాను. ఎదురు ఫ్లాటావిడ నన్ను ఎగాదిగా చూసి "మీకేమీ అనిపించడం లేదా అండీ?" అని అడిగింది. అనిపించకేం తల్లీ, ఆకలవుతోంది! ఈ వాసనకి నాకు జొన్నరొట్టె, ముద్దపప్పు, పచ్చిపులుసు వరసగా గుర్తొస్తాయని చెబితే ఆవిడ నన్ను ఏ డాక్టరు దగ్గరికి పంపేదో! అందుకని నవ్వి ఊరుకున్నాను.

మాది తాండూరు. నేల కింద బండలు, నేల మీద కందులు, మధ్యలో దుమ్ము, అదీ మా ఊరు. మా గల్లీకి ఆ చివరా ఈ చివరా బండలు పాలిష్ పట్టే షెడ్లుండేవి, వాటిల్లో ఒకటి మా చిన్నాయనది. పొద్దస్తమానం మిషన్లు గుర్రుమంటుంటే తెల్లటి పొడి లేచి గోడల మీద, చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, పడుకున్న కుక్కల మీద తేడా లేకుండా వాలేది. మా గల్లీలో నల్లకుక్క ఒకటుండేదని వానాకాలం వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఎండాకాలం రాత్రులు నాపరాళ్ల మీద నీళ్లు చల్లి, అవి సుయ్యిమని ఆరిపోయాక, పరుపూ పక్కా ఏమీ లేకుండా వాకిట్లోనే వరసగా పడుకునేవాళ్లం. ఒళ్లంతా చల్లబడి, ఎవరి కథ ఎవరు చెబుతున్నారో తెలియకుండానే నిద్ర పట్టేది. బతుకమ్మ పండక్కి తంగేడు పూలు తెస్తే, పసుపు రంగు బయటపడే దాకా వాటిని బకెట్లో ముంచి తీసేవాళ్లం. సత్తుపిండి ముద్దలు కొంగు కింద దాచుకుని తినేవాళ్లం. అష్టాచెమ్మ గళ్లు గీయడానికి సుద్దముక్క వెతుక్కునే పని లేదు, గడప ముందు వేలితో గీస్తే చాలు.

నాయనమ్మ దుమ్ముతో జీవితాంతం యుద్ధం చేసింది, ఏనాడూ గెలవలేదు. బిందెకి మూత, మూత మీద గుడ్డ, గుడ్డ ఎగరకుండా దాని మీద చెంబు, చెంబుకి మళ్లీ మూత. గ్లాసు తీసుకుంటే బోర్లించి ఒకసారి తట్టి గానీ నీళ్లు పోసేది కాదు. ఊరందరికీ ఉన్న అలవాటు ఇంకొకటుంది. ఎక్కడ కూర్చోవాలన్నా ముందు భుజం మీది తువ్వాలతోనో, కొంగుతోనో ఆ చోటుని రెండు దెబ్బలు కొట్టి దులుపుతాం. హైదరాబాద్‌లో నా ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మెత్తటి తోలు కుర్చీని చున్నీతో ఫట్ ఫట్ మని దులిపి కూర్చున్నాను. ఎదుట ఉన్న ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉద్యోగమైతే ఇచ్చారు.

ఇంత దుమ్ములోనూ ఆ ఊళ్లో బతుకు ఎందుకంత కమ్మగా ఉండేదంటే, ఏ పనీ ఒక్కరికే వదిలిపెట్టేవాళ్లు కాదు. మా ఇంట్లో పప్పు మాడితే మొదట కేక వేసేది ఎదురింటి నీలమ్మవ్వ. ఆమెది చించోళి వైపు, సగం కన్నడం, సగం తెలుగు. నేను బడి ఎగ్గొట్టి స్టేషన్లో రైళ్లు చూస్తుంటే, నేను ఇల్లు చేరకముందే కబురు ఇల్లు చేరేది. దాపరికమన్న మాట మా గల్లీలో ఎవరికీ తెలియదు. ఇది ఒక్కోసారి ప్రాణం తీసేది, ఒక్కోసారి ప్రాణం పోసేది.

చిన్నాయన పెళ్లి సంగతిలో రెండూ జరిగాయి. ఆయన పేరు శీను. మనిషి బంగారం, పని బండల పని. సాయంత్రానికి జుట్టు, మీసాలు, కనురెప్పలు అన్నీ తెల్లబడి ఇంటికి వచ్చేవాడు. ఒకసారి పరిగి నుంచి పిల్ల తరఫువాళ్లు చెప్పాపెట్టకుండా దిగి, షెడ్డులో నిలబడ్డ ఆయన్నే పట్టుకుని, "పెద్దాయనా, పెండ్లికొడుకు యాడున్నడు?" అని అడిగారు. "నేనేనండి" అన్నాడు చిన్నాయన. వాళ్లు టీ కూడా తాగలేదు. తర్వాత వచ్చిన సంబంధాలన్నీ మా గల్లీ మొగదల్లోనే తుమ్మి వెనక్కి తిరిగాయి. మా ఊరికి పిల్లనిస్తే దాని ఊపిరితిత్తులు ఏం గావాలె అని ఒకాయన మొహం మీదే అడిగేశాడు. నాయనమ్మకి దిగులు పట్టుకుంది. "గిట్లయితే శీనుగాడు ఏ బండకో తాళి కట్టాలె" అని రోజూ అన్నం ముందు కూర్చుని కళ్లొత్తుకునేది.

అలాంటప్పుడు వికారాబాద్ సంబంధం వచ్చింది. పిల్ల పేరు సుజాత. తల్లి లేదు, తండ్రి రాజయ్యకు ఆమె ఒక్కతే. చిన్నాయన వెళ్లి చూసి వచ్చాడు, వచ్చినప్పటి నుంచి మనిషి మనిషిలో లేడు. పప్పులో ఉప్పు లేకపోయినా తింటున్నాడు, అన్నంలో పులుసు బదులు చేతులు కడిగిన నీళ్లు కలుపుకుంటున్నాడు. ఆయన ఎంత మునిగిపోయాడో మా గల్లీ అంతటికీ తెలుసు. ఇప్పుడిది కూడా తప్పిపోతే ఏమైపోతాడోనని అందరికీ బెంగ పట్టుకుంది. చిక్కల్లా రాజయ్య తాతతోనే. ఆయనకు వికారాబాద్ గాలంటే పిచ్చి గర్వం. "మా అనంతగిరి గుట్టల గాలి పీలిస్తె మందు బిళ్లలు గూడ అవుసరం లేదు" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. రోజూ తెల్లవారుజామునే గుట్ట ఎక్కి దిగేవాడు. ఇల్లు చూసుకోవడానికి మామూలుగా మగవాళ్లే వస్తారు. ఆయనేమో, "ఉండాల్సింది అది, అదే సూస్కుంటది" అని పిల్లను కూడా తీసుకొస్తానని కబురు పెట్టాడు.

ఇంకేముంది, గల్లీ మొత్తం కొంగు బిగించింది. ఆ రోజు రెండు షెడ్లలోనూ మిషన్లు బంద్. కందుల బస్తాల లారీలను వేరే దారిన పొమ్మని ఇద్దరు మలుపు దగ్గర కాపలా నిలబడ్డారు. నీలమ్మవ్వ తన ఇంటి కుర్చీలు, ఆ పక్కవాళ్లు తమ కుర్చీలూ తివాచీ, ఇంకొకరు పూలకుండీలు మోసుకొచ్చి మా వాకిట్లో పెట్టారు. చెట్ల ఆకులు కడిగారు, కుక్కను కడిగారు. నల్లగా బయటపడేసరికి అది తన నీడను చూసి తానే మొరిగింది. చిన్నాయన ఒంటికి సబ్బు అరగదీసి, తీరా బయటికి వచ్చేటప్పుడు మొహమంతా పౌడరు పులుముకున్నాడు. "దుమ్ము పోగొట్టనీకి మేం సస్తుంటె మల్ల తెల్లగైనవారా!" అని నాయనమ్మ చెంబెడు నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించింది. ఆఖరుకి, దుమ్ము లేవకుండా రోడ్డు తడపాలని ఎవరో అన్నారు. ఆడవాళ్లందరూ బిందెలు తెచ్చి, గల్లీ మొగదల నుంచి మా గడప దాకా పరిచిన నున్నటి బండల మీద నీళ్లు కుమ్మరించారు.

అక్కడే మా తెలివి తెల్లారింది. నున్నటి బండ మీద రాతిపొడి, దాని మీద నీళ్లు పడితే వెన్న రాసినట్టే ఉంటుంది. మాకేమో పుట్టినప్పటి నుంచి అలవాటు. చెప్పులు విడిచి, కాలివేళ్లతో బండను పట్టుకుంటూ నడుస్తాం, ఎలా నడుస్తామో కూడా మాకు తెలియదు. కొత్తవాళ్లు జారతారన్న ఆలోచన అంతమందిలో ఒక్కరికీ రాలేదు.

రాజయ్య తాత గంజి పెట్టిన తెల్ల ధోతి, చంకలో గొడుగు, ముక్కుకి అడ్డంగా తువ్వాల పట్టుకుని రిక్షా దిగాడు. వెనుక సుజాత, ఆకుపచ్చ చీర. చిన్నాయనకు అన్న అయిన మా బాపు ఎదురెళ్లి చెయ్యి అందించబోతే, "అరె ఒద్దు, దినాం గుట్ట ఎక్కెటోన్ని" అంటూ విదిలించి, కుడికాలు ముందుకు వేశాడు. ఆ కాలు మళ్లీ ఆగలేదు. గొడుగు ఒక దిక్కు, తువ్వాల ఒక దిక్కు ఎగిరాయి. ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే, మా వాకిట్లో పెట్టిన కుర్చీలన్నీ దాటుకుని, నేరుగా వచ్చి మా గడప దగ్గర ఆగాడు. నడిచి వచ్చినా అంత తిన్నగా వచ్చేవాడు కాదు.

గల్లీకి గల్లీ విరుచుకుపడింది. "ఏనాయ్తు, ఏమాయె!" అంటూ నీలమ్మవ్వ పసుపు పట్టుకొచ్చింది, ఎవరో వేడినీళ్లు, ఎవరో జండూబామ్ లాంటి మందేదో, ఎవరో బిడ్డకు తాపే పాలు. తమ కుర్చీలోనే కూర్చోవాలని రెండిళ్లవాళ్లు ఆయన నెత్తి మీదే తగువు పడ్డారు. నాయనమ్మ గుమ్మంలో కూలబడి, "అయిపాయె, ఇగ అయిపాయె" అని తల పట్టుకుంది. సుజాత రిక్షా దగ్గరే బొమ్మలా నిలబడిపోయింది. అప్పుడు లోపలి నుంచి చిన్నాయన, పెళ్లికొడుకు గుట్టుగా కూర్చోవాలన్న మర్యాద గంగలో కలిపి, "మామా!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ బండల మీద ఒక్కసారి కూడా జారని మనిషి, ఆ పూట ముచ్చటపడి కొత్త చెప్పులు వేసుకున్నాడు. వచ్చినవాడు వచ్చినట్టే దబ్బున పడి, ముసలాయన పక్కనే కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పౌడరు కడిగిన మొహం మీద చింది పడిన తెల్ల బురదలో కళ్లు రెండే కనబడుతున్నాయి.

రాజయ్య తాత ఆయన వైపు తిరిగి చూశాడు. తన ధోతి చూసుకున్నాడు. మళ్లీ ఆయన వైపు చూశాడు. పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, తర్వాత గల్లీ దద్దరిల్లేలా నవ్వు మొదలైంది. చిన్నాయన కంగారుగా లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కిందికి లాగి, నవ్వులో మాట రాక రాక, "ఉండు అల్లుడా, లెవ్వకు, లేస్తె మల్ల పడ్తం!" అన్నాడు.

నాయనమ్మ దిగ్గున లేచింది. "అల్లుడన్నడు! ఇన్నరా అందరు? అల్లుడన్నడు!"

అందరూ విన్నారు. సాయంత్రానికి ఆ మాట తాండూరు స్టేషన్ దాకా పోయింది. ఇక వెనక్కి తీసుకుందామన్నా ఆయన తరం అయ్యేది కాదు. మాఘమాసంలో పెళ్లయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం రాజయ్య తాత పాసింజరు రైల్లో దిగేవాడు, బిడ్డను చూడ్డానికని పేరు. చూసేది అరగంట, మిగతా పొద్దంతా నీలమ్మవ్వ అరుగు మీద అష్టాచెమ్మ ఆడుతూ, మా దుమ్మును తిడుతూ, దగ్గుతూ, రెండుసార్లు వడ్డించుకుని పప్పు తింటూ గడిపేవాడు. చివరి రోజుల్లో గుట్ట గాలి వదిలేసుకుని మా ఇంటికే వచ్చేశాడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం. పోయినప్పుడు గల్లీలో ఆ పూట ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

మొన్న తాండూరు వెళ్లాను. షెడ్లు ఊరి బయటికి పోయాయి. గల్లీలో సిమెంటు రోడ్డు పడింది, వేలితో గీస్తే దుమ్ము అంటడం లేదు. బండల ఊళ్లో ఇళ్లకు ఎక్కడి నుంచో తెచ్చిన మెరిసే టైల్స్ వేసుకున్నారు. నీలమ్మవ్వ ఎప్పుడో పోయింది. ఆమె పిల్లలు ఇల్లు అమ్ముకున్నారు, ఇప్పుడు అక్కడ ఎత్తయిన ఇనుప గేటుంది. సాయంత్రం నేనూ సుజాత చిన్నమ్మా గడప మీద కూర్చున్నాం. మాటల్లో మాటగా, "ఇంత దుమ్ములోకి రావడానికి ఎట్లా ఒప్పుకున్నవు చిన్నమ్మా?" అని అడిగాను.

"ఒప్పుకుందామని యాడొచ్చిన బిడ్డా! ఒద్దని చెప్పనీకే వచ్చిన" అంది చిన్నమ్మ, తాపీగా వక్క కొరుకుతూ. "మా బాపును ఒక్కన్ని ఇడిసి యాడికి పోవాలనిపియ్యలె. నన్ను గన్న అవ్వ పోయినకాడికెల్లి గాయిన నవ్వుడు మర్సిండు. అన్నం పెడ్తె తినెటోడు, గుట్ట ఎక్కెటోడు, దిగెటోడు, గంతే. గా దినం మీ బురదల కూసోని నవ్వంగ సూసిన. నాకు ఏడుపొచ్చింది. గింతమంది పసుపులు, కుర్చీలు పట్కొని మా బాపు కోసం కొట్లాడ్తుండ్రు. ఇగ ఈ ఇల్లు ఇడిసి పోవద్దనుకున్న."

లోపల టీవీ చప్పుడు ఆగింది. చిన్నాయన గుమ్మంలోకి వచ్చాడు. ఇప్పుడు జుట్టూ మీసాలూ నిజంగానే తెల్లబడ్డాయి. "ఏందీ? ఒద్దని చెప్పనీకొచ్చినవా?" అన్నాడు. ఇన్నేళ్లూ పెళ్లిచూపుల నాడే ఆమె తనను చూసి మురిసిపోయిందని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి.

"అవును. ఏం జేస్తవ్ గిప్పుడు?" అంది చిన్నమ్మ.

ఆయన నిదానంగా మెట్లు దిగి, సిమెంటు రోడ్డు మధ్యలో నిలబడి, "అయితే గా దినం బిందెలు గుమ్మరించినోళ్లకు ఒక్కసారన్న దండం పెట్టాలె గద, నేను ఒట్టిగ తిట్టిన వాళ్లను" అంటూ రెండు చేతులూ జోడించాడు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా గేట్లన్నీ మూసే ఉన్నాయి. జోడించిన చేతులతోనే ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు.

"ఏ దిక్కు తిరిగి పెట్టాలెనే సుజాతా?" అని అడిగాడు.