నారింజ చెట్ల మందిరంలో శనివారాలు

తడిసిన న్యూస్‌పేపర్‌, వెనిగర్‌ కలిసిన వాసన తగిలితే నాకు ఇప్పటికీ సుగుణమ్మ ఆంటీ గుర్తొస్తుంది. ఈ ఉదయం వంటింటి కిటికీ తుడుస్తూ చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

ఎనభైల మొదట్లో, అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆవిడది మా పక్కిల్లు. బాపట్ల నుంచి వచ్చిన నర్సు. ఊరి చివర ఎవరో కోటీశ్వరుడి పాత ఎస్టేట్‌లో, తెల్లని స్తంభాలతో, నిలువెత్తు అద్దాల కిటికీలతో ఒక తోట మందిరం ఉండేది. మంచు కాలంలో నారింజ చెట్లను దాచుకోవడానికి కట్టించాడట. చెట్లూ పోయాయి, ఆయనా పోయాడు. ఎస్టేట్ సిటీ పార్కయ్యాక, ఆదివారాలు అందులో తెలుగు చర్చి నడిచేది. ముందురోజు వెళ్ళి శుభ్రం చేసే పని ఆంటీది.

నాకు పదేళ్ళప్పుడు, ఏడో నెలలో అమ్మ కడుపులో బిడ్డ పోయింది. హాస్పిటల్ నుంచి వచ్చాక అమ్మ మాట్లాడటం మానేసింది. వచ్చినవాళ్ళంతా "మళ్ళీ పుడతార్లే" అని ఓదార్చి వెళ్ళేవాళ్ళు. నాన్న ఆఫీస్‌కి వెళ్ళిపోతే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే వినిపించేది.

ఒక శనివారం ఆంటీ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ప్రార్థనకి రమ్మనడం లేదు లలితా. కిటికీలు తుడవాలి. నా ఒక్కదానివల్ల కావట్లేదమ్మా. కాస్త హెల్ప్ చేస్తావా?"

అమ్మ కోటు వేసుకుంది. నేనూ వెంట వెళ్ళాను.

ముగ్గురం తుడిచాం. మురికి వదిలిన ప్రతి అద్దంలోంచీ కొంచెం ఎండ లోపలికి దిగేది. నేల మీద ఆ వెలుగు నీళ్ళలా కదులుతుంటే, నాకు నీటి అడుగున నడుస్తున్నట్టుండేది. ఉన్నట్టుండి అమ్మ గొంతు వినిపించింది.

"ఆడపిల్ల వదినా. జుట్టు ఒత్తుగా ఉంది."

ఆంటీ చెయ్యి ఆపలేదు. "పేరు అనుకున్నావా?"

"రేవతి."

"రేవతి," అంది ఆంటీ, బిడ్డను పిలిచినట్టే. ఆ ఎత్తైన కప్పు కింద పేరు కాసేపు తిరిగి తిరిగి మెల్లగా ఆగింది. నాకొక చెల్లెలుందని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆంటీ ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఇంటికొచ్చే దారిలో అమ్మ నావైపు తిరిగి, "ఆకలేస్తోందా?" అని అడిగింది.

ఆ తర్వాత అమ్మ ప్రతి శనివారం వెళ్ళింది. ఆదివారం ఒక్కసారీ వెళ్ళలేదు. ఆంటీ ఒక్కసారీ రమ్మనలేదు. ఇప్పుడు ఆంటీ లేదు. ఆ మందిరాన్ని పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు.

కిందటేడు మా ఆఫీస్‌లో పనిచేసే పద్మ భర్త పోయాడు. ఫోన్ చేసి, "గోంగూర చాలా తెచ్చాను, ఒలవడానికి వస్తావా?" అన్నాను.

"వస్తాను," అంది.