సగం టికెట్ మీద వచ్చిన మందు

ఈమధ్య బస్సు టికెట్ల మీద అక్షరాలు నిలవడం లేదు. మొన్న నందిగామలో ఎక్కి జగ్గయ్యపేటలో దిగేలోపు నా జేబులోది తెల్లకాగితమైపోయింది. తనిఖీవాళ్ళు ఎక్కి ఉంటే నా ముఖం చూసి నమ్మాల్సిందే. ఆ ముఖం మీద నాకే అంత నమ్మకం లేదు. పక్కసీట్లో ఒకావిడ, పిల్లాడికి సగం టికెట్ చాలదా అని కండక్టర్‌తో వాదిస్తుంటే, ఒకప్పుడు ఇదే దారిలో సగం టికెట్ మీద దర్జాగా ప్రయాణం చేసిన స్టీలు క్యారియర్ గుర్తొచ్చింది.

మా ఇంజనీరింగ్ కాలేజీ ఆ రెండూళ్ళ మధ్య, హైవే పక్కన పత్తి చేలల్లో ఉండేది. అందులో డిస్పెన్సరీ అనే గది ఒకటి. నొప్పి మెడకు పైనైతే తెల్లబిళ్ళ, కిందైతే పసుపుబిళ్ళ, రెండూ ఉచితం. అంతకు మించిన జబ్బులు మాకు రాకూడదని యాజమాన్యం ఉద్దేశం. మా రూమ్మేట్‌కి మాత్రం చిన్నప్పట్నుంచే షుగరు. ఇన్సులిన్ సూది పడనిదే ముద్ద ముట్టకూడదు. వాళ్ళది వత్సవాయి, వాళ్ళమ్మ అంగన్‌వాడీ టీచరు. జీతం వచ్చినప్పుడు కట్టేట్టు జగ్గయ్యపేట మందుల షాపాయనతో మాట్లాడుకుని, నెలనెలా క్యారియర్ కింది గిన్నెలో ఐసు, పై గిన్నెలో మందు పెట్టి బస్సులో పంపేది. ఊరికే తీసుకెళ్తా లేమ్మా అని కండక్టర్ అన్నా వినేది కాదు.

"టికెట్ కొట్టండి. అప్పుడది మీ ప్యాసింజరు" అనేది.

ఆయన సగం టికెట్ కొట్టి, క్యారియర్‌ని తన సీట్లో కూర్చోబెట్టి, తను నిలబడి వచ్చేవాడు. మా గేటు దగ్గర స్టాపు లేదు. అయినా ప్యాసింజరు దిగాలి కాబట్టి బస్సు ఆగేది.

మందు మెస్ ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ల పక్కన ఉండేది. ఒక ఎండాకాలం మా మెస్‌లో వండే బాబాయ్ ప్రేమ కొద్దీ దాన్ని పైన ఐసుగూట్లోకి మార్చాడు. మర్నాడు సాయంత్రం పాతసీసా అయిపోయి మావాడు కొత్తది తీస్తే, రాయిలా ఉంది.

"గడ్డకట్టింది. ఇంక పనికిరాదు" అన్నాడు, పెన్నులో ఇంకు అయిపోయినంత తేలిగ్గా.

"ఎండలు గదా నాయనా, ఇంకాస్త చల్లగా ఉంటే ఇంకా మంచిదనుకున్నా" అంటూ బాబాయ్ సీసాని అరచేతుల మధ్య పెట్టి రుద్దసాగాడు.

మాలో ఒకడు నందిగామకు బండేసుకుని పోయి, అక్కడ ఆ రకం లేదని ఫోన్ చేశాడు. జగ్గయ్యపేట షాపాయన మాత్రం ఫోన్లో మావాడి అమ్మ గొంతు వినగానే, డబ్బు ఊసెత్తకుండా తన అన్నం క్యారియర్‌లోనే ఐసూ మందూ పెట్టి బస్టాండుకి పరిగెత్తాడట. ఆ రెండో సీసా ఖరీదు తర్వాత మేమే కట్టాం. ఆ ఏడు మా ఫేర్‌వెల్‌కి డీజే రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. బస్సు తప్పితే ఆసుపత్రికి బయల్దేరదామని వార్డెన్ కారు తీసి సిద్ధంగా పెట్టాడు. హాస్టలంతా గేటు దగ్గర నిలబడ్డాం.

వచ్చింది ఎక్స్‌ప్రెస్. మాలాంటివాళ్ళు చెయ్యెత్తితే కన్నెత్తి చూడని జాతి. అది మెల్లగా ఎడమకి జరిగి, మా ముందే ఆగింది. కిటికీల్లోంచి ముఖాలన్నీ బయటికొచ్చాయి, సొంత చుట్టం దిగుతున్నట్టు. కండక్టర్ రెండు చేతులా క్యారియర్ పట్టుకుని దిగాడు. మూతలో సగం టికెట్ మడిచి ఉంది. మావాడి చేతికి క్యారియర్ అందాకే బస్సు కదిలింది.

ఇప్పుడదే కాలేజీలో చదివే మా అక్క కొడుకు ఫోన్ మీద వేలు పెడితే మందు గేటు దగ్గరికొస్తుంది, ఎంతవరకు వచ్చిందో బొమ్మతో సహా. మంచిదే. కాలం అచ్చేసినవాటినే నిలవనివ్వడం లేదు, ఎక్కడా రాసిపెట్టని ఆ సాయంత్రం మాత్రం నాకింకా చెరగలేదు.

ఆ పూట మావాడు మెస్‌లోనే సూది వేసుకుని, కాసేపాగి కంచం ముందు కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. వార్డెన్‌తో సహా అందరి కంచాలూ బోర్లించే ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ తినలేదు.

"నేనంటే తినకూడదు. మీకేం రోగంరా? అన్నం చల్లారిపోయింది" అన్నాడు.