రేడియోలో వదిలేసిన సెల్లు

మా బడిలో గ్రంథాలయమంటే ఒక ఇనప బీరువా. ఆధునిక విద్య అంటే ఆ బీరువా పై అరలో ఉండే రేడియో. రెండింటికీ కలిపి ఒకటే తాళంచెవి. దాన్ని పెద్దసారు తాడు కట్టి మెడలో వేసుకుని, చొక్కా లోపల దాచుకునేవారు. పిల్లలు హెడ్మాస్టర్ని పెద్దసారు అనేవాళ్లు, నేనూ అలాగే అనేదాన్ని. మంచి మనిషి. కానీ సర్కారు వస్తువంటే ఆయనకు మహా భయం. పుస్తకం చిరిగితే సంజాయిషీ రాయాలి, పోతే రాయాలి, చెదలు పట్టినా రాయాలి. అందుకని చదవడానికి వచ్చిన పుస్తకాలను చదవనివ్వకుండా కాపాడటమే తన ఉద్యోగమనుకునేవారు. నేను చేరినప్పుడు ఆ బీరువాలో చాలా పుస్తకాల పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

డెబ్బైల మొదట్లో మాట. ఇప్పుడు పుప్పాలగూడలో ఉంటామంటే ఎన్నో అంతస్తు అని అడుగుతున్నారు. అప్పట్లో గోల్కొండ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. పుప్పాలగూడ దాటాక ఒక చిన్న పల్లెలో మా బడి. ఆ పల్లె పేరు చెప్పను. చెప్పినా ఎవరికీ తెలియదు, దాని మీద ఆఫీసులు లేచాయి. ఎటు చూసినా బండలు, బండల మధ్య జొన్న చేలు, మధ్యాహ్నం పూట రాళ్లు కొట్టే చప్పుడు. నాది గుంటూరు వైపు. పెళ్లయి మెహదీపట్నంలో కిరాయి ఇంటికి వచ్చాను. ఉద్యోగం తాత్కాలికం. పర్మనెంటు ఆర్డరు ఈ నెల వస్తుంది, వచ్చే నెల వస్తుంది అని ఎదురుచూస్తూ ఉండేదాన్ని. కోపం ముక్కు మీద ఉండేది. పిల్లలు నా భాషను వెక్కిరిస్తున్నారని అనుమానం కూడా. నిజంగానే వెక్కిరించేవాళ్లు.

పెద్దసారుతో పోట్లాడి పోట్లాడి, శనివారం ఆఖరి గంట తరువాత బీరువా తెరిపించే ఏర్పాటు చేశాను. షరతులన్నీ ఆయనవే. చేతులు కడుక్కోవాలి. చాప మీదే కూర్చుని చదవాలి. పేజీ తిప్పడానికి వేలికి ఉమ్మి తగిలించకూడదు. ఇంటికి తీసుకుపోవడం మాట ఎత్తకూడదు. మొదటి శనివారం పదకొండు మంది వచ్చారు. నెల తిరిగేసరికి ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఒక పిల్ల గురించే నేను చెప్పబోయేది.

రాళ్లు కొట్టే వాళ్ల పిల్ల. నాలుగో తరగతి. పాలమూరు వైపు నుంచి పనికి వచ్చి బండల దగ్గర గుడిసెలు వేసుకున్న కుటుంబం. తల్లి లేదు. తండ్రి బండలు కొట్టేవాడు. తెల్లారే లేచి ఈ పిల్ల కాసేపు కంకర కొట్టి, తరువాత బడికి వచ్చేది. ఎంత కడిగినా చేతి గీతల్లో తెల్లటి రాతి పొడి ఉండిపోయేది. పెద్దసారు ఆ చేతులు చూసి మొహం చిట్లిస్తే, లంగాకు తుడుచుకుని మళ్లీ చూపించేది. చదవడం నెమ్మదే. కానీ ఒకసారి చదివింది మరిచిపోయేది కాదు. పుస్తకం పూర్తయ్యాక చాప మీద మిగతా ఇద్దరికీ ఆ కథ మొత్తం చెప్పేది, నచ్చని చోట మార్చి మరీ.

రేడియో సంగతి వేరు. అది పంచాయతీ సమితి నుంచి వచ్చింది. బడికి కరెంటు లేదు, కాబట్టి లావుపాటి సెల్లతో నడిచేది. వారానికి రెండు మధ్యాహ్నాలు బడి పిల్లల కోసం పాఠాలు వచ్చేవి. పెద్దసారు ముల్లు తిప్పితే ఈల శబ్దం తప్ప ఏమీ వచ్చేది కాదు. నేను తిప్పితే ఎక్కడిదో తెలియని భాష వచ్చేది. ఒకరోజు మేమిద్దరం కుస్తీ పడుతుంటే ఈ పిల్ల లేచి వచ్చి, రేడియోకి చెవి ఆనించి, వెంట్రుకవాసి తిప్పింది. గొంతు తేటగా వచ్చేసింది. అప్పుడు బోర్డు దగ్గర సుద్దముక్క తీసుకుని అద్దం మీద ఆ చోట చిన్న చుక్క పెట్టింది.

"ఇగ మీరు గీడికి తిప్పితె చాలు టీచరమ్మా. పరేషాన్ గాకుండ్రి" అంది.

అప్పటి నుంచి రేడియో పని ఆ పిల్లదే అయింది. పాఠం చివర రేడియోలో మాస్టారు "పిల్లలూ, అర్థమైందా?" అని అడిగేవారు. అందరూ "అయ్యింది సార్!" అని పైకప్పు అదిరేట్టు అరిచేవాళ్లు. ఈ పిల్ల ఒక్కతే "కాలె సార్, జర ఆగుండ్రి" అనేది. ఆయన ఆగరు కదా. ఈమె నా వంక తిరిగి, "సారు ఉరుకుతుండు. నువ్వన్న చెప్పు టీచరమ్మా" అనేది. నాకు నవ్వు ఆగేది కాదు. ఆ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని. టీచరుగా నేను సంతోషంగా ఉన్న రోజులు అవే. ఆ పిల్లంటే నాకు ప్రాణం అని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

వేసవి సెలవుల ముందు సెల్లు నీరసించాయి. కొత్తవి సమితి నుంచి రావాలి, అవి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలుసు. మా ఇంట్లో టార్చిలైటు సెల్లను ఎండబెట్టి మళ్లీ వాడేవాళ్లం, అప్పట్లో అందరూ చేసే పనే. ఆ పిల్లకు చెప్పాను. బండ మీద వరుసగా పేర్చి, కాకులు రాకుండా పక్కనే కూర్చుంది. రెండు గంటలకు తెచ్చి మళ్లీ రేడియోలో వేసింది. ఆ రోజు వర్షాల మీద పాఠం చివరి దాకా వినిపించింది.

బడి మూసే రోజు పెద్దసారు నాతో అన్నారు, "సెల్లు తీసి పక్కకు వెట్టుండ్రి టీచరమ్మా. రెండు నెలలు లోపల ఉంటె కారుతయి."

"అలాగేనండీ" అన్నాను. సాయంత్రం గుంటూరు రైలు. ఇంట్లో సంచీ సర్దుకోవాలి, మా ఆయనకు పచ్చడి జాడీలో తీసి పెట్టాలి. రేడియోకి గుడ్డ చుట్టి బీరువాలో పెట్టాను. పెద్దసారు తాళం వేస్తూ, "తీసిండ్రా?" అని అడిగారు. "తీశానండీ" అన్నాను. తీయలేదు. అబద్ధమాడాలని ఆడలేదు. మళ్లీ తెరిపించి, వెనక మూత మరలు విప్పి, సెల్లు బయటికి లాగాలంటే బద్ధకం వేసింది. అంతే.

జూన్‌లో బడి తెరిచాక బీరువా తెరిస్తే ఘాటు వాసన కొట్టింది. సెల్లు పగిలి కారి, లోపల తీగలన్నీ పచ్చగా, తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. కింది అరలో రెండు పుస్తకాల మీద కూడా ఆ ద్రవం పడింది. సమితి నుంచి ఆఫీసరు మరుసటి వారం వస్తున్నట్టు అప్పటికే కబురు వచ్చి ఉంది. పెద్దసారు మొహంలో నెత్తురు లేదు.

"ఏంది టీచరమ్మా ఇది? తీసిన అంటిరి గద?"

పర్మనెంటు కాగితాల మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆ ఆఫీసరే. "తీశానండీ. పిల్లలెవరైనా మళ్లీ పెట్టి ఉంటారు" అన్నాను.

పిల్లలెవరైనా అన్నాను. రేడియో ముట్టుకునే పిల్ల బడి మొత్తంలో ఒక్కతే అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణమే ఆ సంగతి నాకు తట్టింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆయన పిల్లను పిలిచారు. "సెల్లు నువ్వు ముట్టినవా?"

"ముట్టిన సార్. ఎండల వెట్టిన. మల్ల నేనే ఏసిన."

ఆమె చెప్పింది మేం వర్షాల పాఠం విన్న రోజు సంగతి. ఆయన విన్నది నేరం ఒప్పుకోవడం. నేను ఆ ఇద్దరి మధ్య, చేతిలో హాజరుపట్టీతో నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. చెప్పలేదు.

ఆఫీసరు వచ్చి, చూసి, తండ్రిని పిలిపించమన్నాడు. ఆయన పనిలోంచే వచ్చాడు, తలకు కట్టిన రుమాలు తీసి చంకలో పెట్టుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు. పిల్ల ఆడుకుంటూ సర్కారు సామాను పాడుచేసిందని కాగితం రాసి, చదివి వినిపించి, ఆయన చేత వేలిముద్ర వేయించారు. ఇకపై పిల్లలు బీరువా దగ్గరికి పోకూడదని హుకుం. వేలికి అంటిన సిరాను గోడకు రాస్తే మళ్లీ అదో తప్పవుతుందని కాబోలు, తన ధోవతికే తుడుచుకున్నాడు. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పిల్ల రాలేదు. మూడో రోజు గుడిసె కూడా లేదు.

నేను వెంటనే వెతకలేదు. వెతికానని రాసుకోవచ్చు, అడిగేవాళ్లు ఎవరూ లేరు. కానీ నా పర్మనెంటు ఆర్డరు వచ్చాకే వెళ్లాను, రాకముందు వెళ్లలేదు. అప్పటికి దసరా సెలవులు దగ్గర పడ్డాయి. గచ్చిబౌలి అవతల కొత్తగా బండలు పగలగొడుతున్నారని, పాలమూరు వాళ్లు అక్కడున్నారని పాలు పోసే ఆమె చెప్పింది.

దూరం నుంచే గుర్తుపట్టాను. సుత్తి దెబ్బ తగలకుండా ఎడమ చేతి వేళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుని, కంకర కుప్ప ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి సుత్తి పక్కన పెట్టి లేచింది. తండ్రి పరుగున వచ్చాడు.

"ఏమైందమ్మా? ఆ కాయితం మీద పోలీసోల్లు వస్తున్నరా?"

ఈ మూడు నెలలు ఆయన ఆ భయంతోనే బతికాడన్నమాట. కేసు లేదు, ఏమీ లేదు, ఆ కాగితం ఏదో ఫైల్లో పడి ఉంటుందని చెప్పాను. ఆయన అక్కడే చతికిలబడి, రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు పిల్ల అడిగింది.

"రేడియో మంచిగైందా టీచరమ్మా?"

నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. సెల్లు తీయమని పెద్దసారు చెప్పారని, తీయకుండానే తీశానన్నానని, పాడుచేసింది నేనని, నీ తప్పు లేదని, అందరి ముందూ చెప్పాల్సింది చెప్పలేదని. పిల్ల నా మొహం కేసి చూస్తూ విన్నది. చివర్లో చిన్నగా నవ్వింది.

"నేను బాధపడుతనని గట్లంటున్నవు గద" అంది.

"కాదమ్మా, నిజం."

తండ్రి లేచి, "నీ తప్పు తన నెత్తిన ఏసుకుంటున్నది బిడ్డా టీచరమ్మ. గంత దూరం నుంచి నడుసుకుంట వచ్చింది. కాల్మొక్కు" అన్నాడు.

పిల్ల వంగి నా కాళ్లకు మొక్కింది. భుజాలు పట్టి లేపాను. మళ్లీ బడికి రమ్మన్నాను. నేనే వచ్చి తీసుకుపోతానన్నాను, బీరువా తెరిపిస్తానన్నాను, పెద్దసారుకు అంతా చెబుతానన్నాను. తండ్రి పిల్ల వంక చూశాడు. నీ ఇష్టం అన్నట్టే చూశాడు.

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దు టీచరమ్మా. నేను ముడితె ఖరాబైతయి" అంది.

కాదని గట్టిగా చెప్పాను. రెండుసార్లు చెప్పాను. పెద్దవాళ్లు చెబితే ఎదురు చెప్పకూడదు కాబట్టి ఆమె తల ఊపింది.