బాబాయిగారి ఎదుట భోజనం

ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చోవడం నేను కొన్నేళ్ళుగా చేస్తున్న పని. మందులివ్వను, ఇంజెక్షన్లు చేయను. వాటికి నర్సు వేరే వస్తుంది. వాళ్ళు మాట్లాడితే వింటాను, ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను. ఈలోగా ఇంట్లోవాళ్ళు కాసేపు నడుం వాల్చుకుంటారు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, విజయవాడలో ఇలా వెళ్ళే ఒక చిన్న బృందంలో చేరాను.

ఒక వేసవిలో ఇబ్రహీంపట్నంలో ఒకరింటికి వెళ్ళడం మొదలైంది. ఆ ఇంటి పెద్దాయన థర్మల్ స్టేషన్లో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. కడుపులో క్యాన్సర్. ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. నేను ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్యని పిన్నిగారనీ పిలిచేదాన్ని.

మొదటిరోజు పిన్నిగారు నన్ను గేటు దగ్గరే ఆపేశారు. "ఆయనకి అల్సరని చెప్పామమ్మా. నువ్వు నోరు జారకు."

లోపలికి వెళ్ళాను. ఆవిడ నాకు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళగానే బాబాయిగారు గొంతు తగ్గించి, "నాకంతా తెలుసమ్మా. తెలుసని మీ పిన్నికి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు" అన్నారు.

ఇద్దరికీ సరేనన్నాను. ఒకరిని ఒకరు కాపాడుకోవాలన్న ఆ తాపత్రయం చూస్తే నాకు ముచ్చటేసింది.

ఆయన మంచి మాటకారి. ఇంట్లో గాఢనిద్రలో ఉన్నా, ప్లాంటులో ఏ యూనిట్ ఆగినా తనకి మెలకువ వచ్చేసేదని చెప్పేవారు. "అబద్ధం! వీధంతా గోలగోలగా అరిచినా లేచే మనిషి కాదు" అని వంటింట్లోంచి పిన్నిగారు అందుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన, "నాకో కోరికుందమ్మా" అన్నారు. ఎవరినైనా చూడాలనుందేమో అనుకున్నాను.

"మీ పిన్ని నా ఎదుట కూర్చుని అన్నం తినాలి. నేను తినలేనని అది వంటింట్లో నిలబడి ఇంత పెరుగన్నం మింగుతోంది. చేపలు వండటమే మానేసింది. ఒక్కసారి బొమ్మిడాయిల పులుసు వండుకుని నా ముందు తినమను."

పిన్నిగారు ససేమిరా అన్నారు. "మంచినీళ్ళకే అంత అవస్థ పడుతుంటే, ఆయన ముందు కూర్చుని పులుసన్నం ఎట్టా తినను? నా గొంతు దిగుద్దా?"

"మీరు తినకపోవడమే ఆయనకి బాధగా ఉందండీ పిన్నిగారూ" అన్నాను. మర్నాడు నేను వెళ్ళేసరికి వాకిట్లోకే పులుసు వాసన వస్తోంది.

ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని, కంచం ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన దిండుకి చేరగిలబడి, పిల్లలకి అన్నం పెట్టే తల్లిలా ప్రతి ముద్దా చూస్తున్నారు. నాలుక తడిపితే ఫరవాలేదని నర్సు చెప్పిందేమో, ఆవిడ వేలికంటిన పులుసు ఆయన పెదాలకి రాశారు. ఆయన చప్పరించి, "ఉప్పు తగ్గిందోయ్" అన్నారు.

పిన్నిగారు నవ్వబోయి ఏడ్చేశారు.

"నేను పోయాక కూడా ఇట్టాగే కూర్చుని తిను. నిలబడి తింటే ఊరుకోను."

"ఏం మాటలండీ అవి!"

"నాకు తెలుసులే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు అల్సరని చెప్పిన రోజునుంచే. నీకు అబద్ధమాడటం ఎప్పుడొచ్చింది గనక?"

నేను లేచి వరండాలోకి వచ్చేశాను. లోపల చాలాసేపు మాటలు వినిపించాయి. మధ్యలో ఒకసారి ఇద్దరూ నవ్వారు కూడా.

ఆ తర్వాత వాళ్ళ మధ్య దాపరికం లేకుండా పోయింది. చివర్లో ఊపిరి ఎలా మారుతుందో, గొంతులో గురక ఎందుకు వస్తుందో నన్నడిగి తెలుసుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళొద్దని ఆయన గట్టిగా చెప్పారు. బందరు నుంచి వచ్చిన కూతురు, ఊపిరి మారిన రోజున హడలిపోయి అంబులెన్సుకి ఫోన్ చేయబోయింది. పిన్నిగారే ఆపారు. "వద్దమ్మా. నాన్న ఇక్కడే ఉంటానన్నారు. ఇటొచ్చి కాళ్ళ దగ్గర కూర్చో."

ఉదయం కాఫీల వేళ, ఆవిడ చేతిలో చెయ్యి ఉండగానే ఆయన వెళ్ళిపోయారు.

బంధువులు రాకముందే ఆవిడ గోరువెచ్చని నీళ్ళు తెప్పించారు. తువ్వాలు తడిపి ఇద్దరం ఆయన మొహం, చేతులు తుడిచాం. నేను దువ్వెన తీసుకుని తల దువ్వబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అటు కాదమ్మా, ఆయనది ఎడమ పాపిడి" అని తనే దువ్వెన తీసుకున్నారు.