బోర్డుకి నమస్కారం

శ్రీకాకుళంలో హెడ్మాస్టరుగా రిటైరై, కెనడాలోని వాన్ నగరంలో కూతురింట ఉంటున్న కూర్మనాథం గారు మంకీ క్యాపు పెట్టుకుని పొద్దున్నే నడకకి బయల్దేరతారు. బస్సు డ్రైవరుకీ, కుక్కని తిప్పే ఆవిడకీ నమస్కారం పెడుతూ వెళ్లి, వీధి చివర ‘త్వరలో ఇక్కడ పార్కు’ అన్న బోర్డు దగ్గర వెనుదిరుగుతారు. దానికీ ఒక నమస్కారం. ఆ బోర్డు పెట్టి మూడేళ్లు దాటింది. కొత్త ఇళ్ల మీద బిల్డర్లు సిటీకి కట్టే చార్జీలు తగ్గిస్తే ఇళ్లు చవకవుతాయని కొందరు, మరి పార్కులూ డ్రైనేజీలూ ఎవరు కడతారని కొందరు కౌన్సిల్లో వాదించుకుంటూంటే, ఆయన కూడా మాట్లాడతానని పేరిచ్చారు.

“నాన్నా, ఐదు నిమిషాలే ఇస్తారు,” అని కూతురు నిఖిల కారులోనే చెప్పింది. ఆయన మైకు ముందు కోటు సర్దుకుని, వేదిక మీది పెద్దలందరినీ మేయరు మొదలుకొని పేరుపేరునా పలకరించారు. నోట్సు రాసుకునే అమ్మాయినీ, తలుపు దగ్గరి గార్డునీ కూడా వదల్లేదు. “ఇక అసలు విషయానికొస్తే” అనేసరికి టైమైపోయిందని గంట మోగింది. నిఖిల తల పట్టుకుంది. మేయరు నవ్వాపుకుంటూ, “ఒక్క మాటలో చెప్పండి, చార్జీలు తగ్గించాలంటారా, ఉంచాలంటారా?” అని అడిగాడు.

“ఉంచండి. మా వీధి చివర పార్కు బోర్డుకి మూడేళ్లుగా రోజూ నమస్కారం పెడుతున్నాను. ఇకనైనా పార్కుకి పెట్టుకోనివ్వండి,” అన్నారు కూర్మనాథం గారు.